నెల్లూరు చెట్లూ పిట్టల నడక పటం: ప్రాజెక్టు డైరీ

ఒక కాలనీ పార్కు, దాని పక్క వీధి చెట్లు, చివర స్వర్ణాల చెరువు కట్ట. మొత్తం 1.4 కిలోమీటర్ల దారి. ఈ దారిలో ఏ చెట్టు ఎక్కడుంది, ఏ వేళకు ఎక్కడ నీడ ఉంటుంది, ఏ నెలలో ఏ పిట్టలు వస్తాయి, ఏ రోజుల్లో జనం ఎక్కువ అన్నవి ఒకే కాగితం మీదికి తేవడం పని. మీ పేటలో ఇదే చేయాలనుకుంటే కింది కొలతలు వాడుకోండి. ఖర్చు కూడా రాస్తున్నాం, ఏది దండగో తెలియాలి కాబట్టి.

దారిని పెన్నా ఒడ్డున రంగనాథస్వామి గుడి దాకా పొడిగిద్దామన్న ఆలోచన మొదట్లోనే మానేశాం. 2021 నవంబరు వరద చూసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. నది అంచు ఏ యేటికాయేడు మారుతుంది, ఇసుకలో గీసిన బాట మరుసటి యేటికి ఉండదు. నదికి వేరే పటం కావాలి.

దశ 1: చెట్ల స్థానాలు (జనవరి, ఫిబ్రవరి)

ఫోన్ జీపీఎస్‌తో గుర్తించిన చెట్లను కంప్యూటర్ మీద తెరిస్తే, ప్రహరీ లోపలి వేపలు కొన్ని రోడ్డు నడిమధ్యలో, ఒక కానుగ ఎదురింటి మేడ మీద కనిపించాయి. ఆకుల గుబురు కింద ఫోన్ 5 నుంచి 10 మీటర్ల దాకా తప్పు చూపిస్తుంది. పక్కన మూడంతస్తుల ఇళ్లుంటే ఇంకా ఎక్కువ. నాలుగు మీటర్ల ఎడంలో ఉన్న రెండు చెట్లను విడదీయడానికి ఇది చాలదు. యాప్ మార్చినా ఫలితం మారలేదు, లోపం యాప్‌లో లేదు కాబట్టి. చివరకు టేపూ తాడే నిలిచాయి:

1. పార్కు గేటు స్తంభం మూల సున్నా. అక్కడి నుంచి నడకదారి వెంట నైలాన్ తాడు లాగి, ప్రతి 10 మీటర్లకు ముగ్గుపిండితో గీత.
2. చెట్టుకు సరిగ్గా ఎదురుగా తాడు మీద నిలబడి, సున్నా నుంచి దూరం రాయాలి. ఉదాహరణకు 46.2.
3. అక్కడి నుంచి చెట్టు మొదలుకు అడ్డంగా ఎంత, ఎడమా కుడా. ఉదాహరణకు ఎడమ 3.1.
4. అడ్డకొలత వంకర పోతోందనిపిస్తే 3-4-5 తాడు వాడాలి. 12 మీటర్ల తాడుకు 3, 7 మీటర్ల దగ్గర ముడులు వేసి, కొసలు కలిపి బిగిస్తే మూల మట్టం వస్తుంది. పునాది ముగ్గు వేసే మేస్త్రీని పిలిస్తే ఐదు నిమిషాల్లో నేర్పుతాడు.
5. దారి వంపు తిరిగిన చోట కొత్త సున్నా పెట్టి, దాన్ని పాత గీతకు కొలిచి కట్టాలి.

బట్ట టేపు కొనొద్దు. మంచుకు తడిస్తే ముడుచుకుంటుంది, లాగితే సాగుతుంది. ఫైబర్‌గ్లాస్ టేపు 30 మీటర్లది తీసుకోండి. చుట్టుకొలతకు మాత్రం దర్జీ టేపే హాయి.

చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీయాలి. అటవీశాఖ లెక్కలూ ఈ ఎత్తులోనే ఉంటాయి, రేపు పోల్చుకోవచ్చు. ఆ ఎత్తుకు ఒక కర్ర కోసి పెట్టుకుంటే మనిషి మారినా కొలత మారదు. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే మాను వ్యాసం వస్తుంది: 94 సెంటీమీటర్ల వేప అంటే 30 సెంటీమీటర్ల మాను. ఆ ఎత్తుకు లోపలే కొమ్మలుగా చీలితే ఒక్కో కొమ్మనూ వేరుగా కొలవాలి. మర్రికి ఊడలు కలుపుకోకూడదు, అసలు మానునే కొలవాలి. మాను మీద బుడిపె ఉంటే దానికి కాస్త పైన కొలవాలి.

రెండు జట్లు రెండు కొసల నుంచి బయల్దేరితే మధ్యలో చెట్లు రెండుసార్లు లెక్కలోకి వచ్చేస్తాయి. మొదటి జాబితాలో 263 ఉన్నవి సరిచూస్తే 238కి దిగాయి. లెక్కయిన చెట్టు మొదట్లో ముగ్గు బొట్టు పెట్టే అలవాటు మొదటి నుంచీ ఉంటే ఈ తలనొప్పి లేదు.

పేర్ల దగ్గర తికమకపడేవి ఇవి:

రావి, గంగరావి. రెండింటి ఆకూ హృదయాకారమే. రావి ఆకు కొస పొడుగ్గా తోకలా సాగుతుంది, కాడ తుంచితే పాలు కారతాయి. గంగరావికి ఆ తోక ఉండదు. పసుపు పువ్వు పూసి, వాడేటప్పుడు ఎర్రబారుతుంది. కోస్తా కాబట్టి మన వైపు గంగరావి వీధి వీధికీ ఉంటుంది. పేరు తెలియని ప్రతి చెట్టునూ రావి అని రాసేస్తే జాబితా సగం పాడవుతుంది.

తురాయి, పచ్చ తురాయి. పూత లేనప్పుడు ఆకు చూసి చెప్పడం కష్టం, కాయ చూడాలి. తురాయి కాయ మూరెడు పొడవు, కత్తిలా గట్టిగా ఉంటుంది. పచ్చ తురాయిది చిన్నది, పల్చటిది, రాగి రంగు.

కోనోకార్పస్. ఇది గుర్తుపట్టడానికి కష్టమేమీ కాదు, వరసగా కత్తిరించిన పచ్చగోడ కనిపిస్తే అదే. పటంలో దీనికి ఒక్క గీత చాలు. పిట్టల లెక్కలో ఈ వరస ముందు రాసుకోవడానికి ఏమీ దొరకలేదు.

ఇప్పటికి: 238 చెట్లు, 34 జాతులు. ఖర్చు: టేపు 450, దర్జీ టేపులు రెండు 40, తాడు 60, ముగ్గుపిండి 30, రాసుకునే అట్టలు రెండు 120. మొత్తం రూ. 700.

దశ 2: నీడ (ఫిబ్రవరి నుంచి మే దాకా)

ఈ పటంలో జనానికి అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది నీడ లెక్కే. దీని మీదే ఎక్కువ కాలం పట్టింది కూడా.

ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్ పనికిరాలేదు. ఫోన్ కాస్త వంచితే అంకె సగానికి పడిపోతుంది, రెండు ఫోన్లు ఒకే చోట రెండు లెక్కలు చెబుతాయి. దాన్ని పక్కన పెట్టి, ప్రతి 5 మీటర్లకు ఒకచోట నిలబడి, తల మీద పడేది ఎండో నీడో రాసుకునే పద్ధతి పట్టాం. 1.4 కిలోమీటర్లకు 280 చోట్లు. గుర్తులు మూడే: చె అంటే చెట్టు నీడ, గో అంటే గోడ నీడ, ఎం అంటే ఎండ.

ఒక్క మనిషి 280 చోట్లూ ఆగుతూ నడిస్తే గంట దాటుతుంది, ఈలోగా నీడ జరిగిపోతుంది. ముగ్గురు దారిని పంచుకుని 20 నిమిషాల్లో ముగించాలి. ఏప్రిల్ చివర నడిమధ్యాహ్నం చేసే పని, టోపీ, మజ్జిగ సీసా లేకుండా దిగొద్దు.

గడియారం విషయంలో ఒక జాగ్రత్త. నెల్లూరు దాదాపు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల లెక్కన. అందుకని ఇక్కడ సూర్యుడు నడిమింటికి వచ్చేది సగటున 12:10కి. ఫిబ్రవరి మధ్యకు అది 12:24, నవంబరు మొదట్లో 11:54. అన్ని నెలల్లోనూ 12కే కొలిస్తే ఒక నెల కొలత ఇంకో నెలకు సరితూగదు. గడియారం నమ్మకపోతే నేలలో మీటరు కర్ర నిలబెట్టి, దాని నీడ అతి పొట్టిగా ఉన్న వేళ చూసుకోండి. ఏప్రిల్ చివర్లోనూ, ఆగస్టు రెండో వారంలోనూ ఆ కర్రకు నీడే ఉండదు. డిసెంబరులో 78 సెంటీమీటర్లు ఉత్తరానికి పడుతుంది. జూన్ 21 ప్రాంతంలో 16 సెంటీమీటర్లు, అదీ దక్షిణానికి.

వచ్చిన లెక్క:

ఫిబ్రవరి చివర, నడిమింటి వేళ: చె 73. వేప, నిద్రగన్నేరు ఆకు రాల్చే కాలం.
ఏప్రిల్ చివర, నడిమింటి వేళ: చె 104. వేప చిగురు ముదిరింది, కానుగ కొత్త ఆకు వేసింది.
మే, సాయంత్రం 4:30: చె 90, గో 61.

మూడో వరుస చూశాక బెంచీల సంగతి బయటపడింది. మేలో సాయంత్రం 4:30కి నీడ చెట్టు ఎత్తుకు దాదాపు రెట్టింపు పొడవున తూర్పుకు, కొద్దిగా ఆగ్నేయానికి వాలి పడుతుంది. 8 మీటర్ల చెట్టుకు 3 మీటర్ల ఎత్తులో గుబురు మొదలైతే, గుబురు నీడ మొదలు నుంచి 6 మీటర్ల అవతల పడుతుంది. మాను చుట్టూ కట్టిన అరుగు మీద ఆ వేళ కూర్చుంటే పడమటి ఎండ గుబురు కింద నుంచి దూరి నేరుగా ముఖాన కొడుతుంది. పెద్దవాళ్లు అరుగు వదిలి అవతల ప్రహరీ వారన చేరేది అందుకే. పటంలో బెంచీలకు రెండు గుర్తులు పెట్టాం: పొద్దుటి బెంచీ, సాయంత్రపు బెంచీ. కొత్తగా బెంచీ వేయించే కాలనీవాళ్లు మానుకు తూర్పుగా 6 నుంచి 10 మీటర్ల మధ్య వేయించుకుంటే సాయంత్రాలు సుఖం.

నేల వేడికి గురిపెట్టి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తీసుకున్నాం. ఏప్రిల్ నడిమధ్యాహ్నం ఇంటర్‌లాక్ టైల్స్ ఎండలో 55 డిగ్రీలు దాటాయి, అవే టైల్స్ వేప నీడలో 37. స్టీలు బెంచీ మీద మాత్రం 34 చూపించింది, చెయ్యి పెడితే చుర్రుమంది. మెరిసే లోహం చుట్టూ ఉన్నవాటి వేడిని అద్దంలా తిప్పికొడుతుంది, దాని అసలు వేడి ఆ పరికరానికి అందదు. బెంచీ మీద కాగితపు టేపు ముక్క అంటించి, ఐదు నిమిషాలాగి, టేపు మీద గురిపెడితే సరైన అంకె వస్తుంది.

ఇప్పటికి: 280 చోట్లు, మూడు కాలాల లెక్క. థర్మామీటరు 1,100. మొత్తం రూ. 1,800.

దశ 3: పిట్టలు (జూన్ నుంచి జనవరి దాకా)

రోజూ 6 గంటలకు లెక్క అని పెట్టుకుంటే చెడుతుంది. నెల్లూరులో జూన్‌లో పొద్దు పొడిచేది 5:40 ప్రాంతంలో, జనవరిలో 6:35 దాటాక. జూన్‌లో 6 గంటలకు సందడి అప్పటికే మొదలై ఉంటుంది, జనవరిలో 6 గంటలకు ఇంకా చీకటి. పొద్దు పొడిచిన అరగంటకు మొదలు అన్నదే నియమం చేసుకోవాలి.

1. మూడు చోట్లు ఖాయం చేసుకోవాలి: పార్కు లోపల, వీధి మలుపు, చెరువు కట్ట. ఒక్కో చోట 15 నిమిషాలు.
2. సూర్యుడు వీపు వైపు ఉండాలి. ఎదురెండలో నీటికాకి, బుడబుంగ రెండూ నల్ల చుక్కలే.
3. వాలి ఉన్నవి ఒక గడిలో, మీదుగా ఎగిరి వెళ్లినవి ఇంకో గడిలో. నత్తగుల్ల కొంగలు చెరువు చుట్టూ తిరుగుతూనే ఉంటాయి, వాలిన ప్రతిసారీ కలిపితే పది కొంగలు నలభై అవుతాయి. ఒకే చూపులో కనిపించిన అతి పెద్ద సంఖ్యే రాయాలి.
4. గుంపయితే పదింటిని లెక్కపెట్టి, ఆ మేర ఎంతుందో చూసుకుని, అలాంటి ముక్కలు ఎన్నో అంచనా వేయాలి.
5. నీటి మీద గుర్రపుడెక్క ఎంత మేర ఉందో ప్రతిసారీ రాయాలి: లేదు, పావు, సగం, అంతకు మించి.

అయిదోది మొదటి ఫారంలో లేదు. ఒక నెల బుడబుంగలు మాయమై, గుడ్డికొంగల్లాంటి ఒడ్డు పిట్టలు ఎక్కువైనట్టు లెక్క వచ్చింది. నీరు తెరిపిగా ఉన్నంతవరకే మునిగి తేలే పిట్టలు కనిపిస్తాయి, డెక్క కమ్మేస్తే దాని మీద నడిచే పిట్టలు వస్తాయి. డెక్క తీసేసిన వారంలోనే మళ్లీ బుడబుంగలు తేలాయి. ఆ గడి లేకుండా రాసిన నెలల లెక్క పటంలోకి తీసుకోలేదు.

వాన విషయం కూడా అంతే. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. హైదరాబాదు వాళ్లు తయారుచేసిన ఫారాలు తెచ్చుకుంటే వాటిలో వర్షాకాలం జూన్‌లో మొదలై సెప్టెంబరుతో ముగుస్తుంది. అది ఇక్కడ నప్పదు. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టడానికి చేరేది కూడా ఈ అక్టోబరు వానలతోనే.

లెక్కల్ని ఈబర్డ్‌లో (పిట్టల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు) ఎక్కిస్తే ఊరికే పోవు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌కు కనీసం 15 నిమిషాల లెక్క అడుగుతారు, మన పద్ధతి దానికి సరిపోతుంది. కట్ట మీద పొదల్లోకి చెప్పుల్లేకుండా దిగొద్దు, పాములుంటాయి.

దుర్భిణి 8×42 ఒకటి అరువు దొరికింది. ఖర్చు లేదు. మొత్తం రూ. 1,800 దగ్గరే.

దశ 4: పేరు బోర్డులు

డబ్బు పోయింది ఇక్కడే.

మేకు కొట్టడం లేదని మొదటే ఖాయం. మేకు రంధ్రంలో నీరు దిగి కుళ్లు పడుతుంది, చెట్టు లావెక్కుతూ బోర్డును మింగేస్తుంది. దాంతో నేలలో పుల్ల పాతి దాని మీద బోర్డు పెడితే, అవి పిల్లల క్రికెట్‌కు స్టంపులయ్యాయి. నిజానికి వాటి ఎత్తు స్టంపులకు సరిగ్గా సరిపోయింది, పిల్లల్ని అనడానికి లేదు.

మాను చుట్టూ తీగ కట్టడమే మిగిలింది. ఇనుప తీగ ఒక్క వానాకాలానికే తుప్పు పట్టి మాను మీద ఎర్రటి చారలు దించింది. జీఐ తీగ (జింకు పూత పూసిన ఇనుప తీగ) తుప్పుకు ఆగుతుంది గాని బిగుతుగా కడితే బెరడులోకి దిగుతుంది, వేప లాంటి చెట్టు చుట్టుకొలత ఏటా రెండు మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది. నిలిచిన పద్ధతి:

1. స్టెయిన్‌లెస్ స్టీలు 304 రకం తీగ, ఒక మిల్లీమీటరు మందం.
2. పొడవు: చుట్టుకొలతకు 10 సెంటీమీటర్లు ఎక్కువ.
3. బోర్డుకు రెండు వైపులా రంధ్రాలు. ఒక వైపు నేరుగా తీగ, రెండో వైపు మధ్యలో చిన్న స్ప్రింగు. చెట్టు పెరిగితే స్ప్రింగు సాగుతుంది.
4. తీగ బెరడుకు తాకే చోట పాత సైకిల్ ట్యూబు ముక్కలు, 2 సెంటీమీటర్ల వెడల్పున.
5. 30 సెంటీమీటర్ల లోపు మానుకు కట్టొద్దు. ట్రీ గార్డుకు తగిలించాలి.
6. తాటి, కొబ్బరికి స్ప్రింగు అక్కర్లేదు. అవి పొడవే గాని లావు పెరగవు.

బోర్డు సరుకు: సన్‌బోర్డు (తేలికపాటి ఫోమ్ అట్ట) మీద వినైల్ అంటించిన ఆరు ముక్కలు ఒక ఎండాకాలానికే పొరలు లేచి, ఎరుపూ పసుపూ వెలిసిపోయాయి. నలుపు మాత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి తెలుపు మీద నలుపు, 3 మిల్లీమీటర్ల ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్నది), 15×10 సెంటీమీటర్లు, నేరుగా యూవీ ప్రింటు. ఆకుపచ్చ అక్షరాలు పెడితే అందంగా ఉంటుందని ఎవరో ఒకరు అంటారు, వినొద్దు. ఫ్లెక్సీ సంగతి అసలు ఎత్తొద్దు, వానలు మొదలవగానే ఏ పాక మీదికో చేరుతుంది.

అక్షరాలు: మీటరున్నర దూరం నుంచి కనబడాలంటే చెట్టు పేరు 12 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. తెలుగుకు వరుసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి.

డీటీపీ షాపులో ఇంకో గండం ఉంది. మనం ఫోన్‌లో టైపు చేసేది యూనికోడు, షాపుల్లో చాలామంది వాడేది అను ఫాంట్లు. వాట్సాప్‌లో పంపిన మాటల్ని పాత పేజ్‌మేకర్‌లో అంటిస్తే ఒత్తులు విడిపోయి, "నిద్రగన్నేరు" అంతా చెదిరి వచ్చింది. అక్షరాలు గీతలుగా మార్చిన పీడీఎఫ్ మనమే చేసి ఇవ్వాలి. ఇచ్చాక కూడా "అన్నా, ఒక్కటి తీసి చూపించు" అని ఒక ముక్క ప్రింటు చూడకుండా నలభైకీ సరే అనొద్దు.

క్యూఆర్ గుర్తు పెడితే పక్కకు 3 సెంటీమీటర్లు తగ్గకూడదు, మెరిసే లామినేషన్ వద్దు. ఉచితంగా ఇచ్చే "మార్చుకోగల" క్యూఆర్‌లు కొన్నాళ్లకు డబ్బు కట్టమని ఆగిపోతాయి. నేరుగా లింకుతో తయారైనదే పెట్టాలి.

కార్పొరేషన్ పార్కయితే ముందే వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి, రసీదు ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి. తీగ చేత్తో పట్టుకుని చెట్టెక్కిన మనిషిని ఎవరైనా ఆపుతారు.

ఖర్చు: పాడైన సన్‌బోర్డులు ఆరు 360. ఏసీపీ బోర్డులు 40, ఒక్కోటి 85 చొప్పున 3,400. తీగ 250. స్ప్రింగులు 40, ఒక్కోటి 12 చొప్పున 480. మొత్తం రూ. 6,290.

దశ 5: జనం క్యాలెండరు, పటం ముద్రణ

చెరువు కట్ట ఒట్టి పిట్టల చోటు కాదు. బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు, ఇరుకళల పరమేశ్వరి గుడి దగ్గర గణేశ్ ఘాట్‌లో వినాయక నిమజ్జనానికి జనం పోటెత్తుతారు. ఆ వారాల పిట్టల లెక్కను మిగతా వాటితో కలపకూడదు, పిట్టలు అవతలి అంచుకు జరుగుతాయి. నడకకు కొత్తవాళ్లను తీసుకొచ్చే పనయితే ఆ వారాలు కాక వేరే చూసుకోవాలి. లేదా పండుగ చూపించడానికే తీసుకురావాలి. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె అంటూ నీళ్లలో నిలబడి ఇచ్చిపుచ్చుకోవడం ఒక్కసారైనా చూడదగ్గదే.

మొదటి నమూనాలో రొట్టెల పండుగ ఎదురుగా జులై అని ఉంది. అది మొహర్రం నెల పండుగ, ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జులై 17న మొదలైంది, 2025లో జులై 6న. ఇప్పుడు పటంలో మొహర్రం అనీ, నిమజ్జనం ఎదురుగా భాద్రపదం అనీ ఉంది. పటం నాలుగేళ్లు నిలవాలంటే ఇదే దారి.

రాగిజావ బండ్లు, మొలకల బండ్లు పటంలో చుక్క పెట్టి చూపించొద్దు. మూలలు మారుతుంటాయి. "పొద్దున 8 దాకా గేటు దగ్గర" అని ఒక వరుస చాలు. మంచినీళ్ల కుళాయి, మరుగుదొడ్డి మాత్రం చుక్కలతో ఖచ్చితంగా ఉండాలి.

ఒకే పటంలో అన్ని కాలాలూ ఇమిడ్చిన నమూనా చదవడానికి లేకుండా పోయింది. ఫిబ్రవరిలో మోడుగా ఉన్న నిద్రగన్నేరు కింద "మంచి నీడ" అని ఉంది, మేలో వచ్చినవాళ్లు లేని పిట్టల కోసం వెతికారు. ఏ3 కాగితానికి రెండు వైపులూ వాడాం. ఒక వైపు ఫిబ్రవరి నుంచి జూన్: నీడ చోట్లు, సాయంత్రపు బెంచీలు, కుళాయిలు, పూతలు. రెండో వైపు అక్టోబరు నుంచి జనవరి: పిట్టల చోట్లు, బురద పట్టే మలుపులు, పొద్దు పొడిచే వేళలు. జులై నుంచి సెప్టెంబరు దాకా అడుగున రెండు వరుసలే, అంతకంటే రాయడానికి ఏమీ లేదు.

మడత మధ్యలో క్యూఆర్ గాని చిన్న అక్షరాలు గాని రాకుండా చూడండి, జేబులో నలిగి ముందు చిరిగేది అక్కడే.

నమూనా ప్రింట్లు 10, ఒక్కోటి 15 చొప్పున 150. అసలు ప్రతులు 200, ఒక్కోటి 9 చొప్పున 1,800. మొత్తం రూ. 8,240.

ఇక మిగిలినవి

1. ఏటా సెప్టెంబరులో, వాయుగుండాలు మొదలవక ముందు, 40 తీగలూ చూడాలి. స్ప్రింగు సగానికి మించి సాగి ఉంటే తీగ 5 సెంటీమీటర్లు వదులు చేయాలి. రూ. 100 తీగ చేతిలో ఉంచుకోండి.
2. గాలివానకు పడిపోయిన చెట్టు బోర్డు తీసి, దాని స్థానం సంఖ్య జాబితాలో అలాగే ఉంచి పక్కన సంవత్సరం రాయాలి. సంఖ్యను కొత్త మొక్కకు ఇవ్వకూడదు.
3. గంగరావి రెండింటికీ, పచ్చ తురాయి ఒకదానికీ కాయలు చూశాక పేరు ఖాయం చేయాలి. అప్పటిదాకా బోర్డులు కట్టలేదు.
4. డిసెంబరు నడిమింటి నీడ లెక్క తీయలేదు. దక్షిణం వైపు మేడల నీడ దారి మీదికి వచ్చేది అప్పుడే.